సీప్యాప్ సరిగా పనిచేయాలంటే ఏది మార్చాలి: మాస్కా, మెషీనా, సెట్టింగులా?

రాత్రి మూడింటికి అమ్మ ఫోన్ చేసింది. "మీ నాన్న మళ్లీ మాస్కు పీకి పక్కన పడేశారురా. గురక మొదలైంది. మధ్యమధ్యలో ఊపిరి ఆగిపోతోంది. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు." సీప్యాప్, అంటే నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కులోంచి గాలి ఒత్తిడి పంపే మెషీన్, కొని అప్పటికి పదహారు రోజులు. డాక్టరు రాసిన మెషీనే, మంచి కంపెనీదే. మర్నాడు కాకినాడ వెళ్లి దాని తెర చూశాను. వాడకం 2 గంటల 10 నిమిషాలు. ఏహెచ్‌ఐ, అంటే గంటకు శ్వాస ఆగిన లెక్క, 14. మాస్క్ సీల్ అన్న మాట పక్కన ఏడుపు మొహం బొమ్మ.

మెషీన్ తిరిగిచ్చేద్దామని వెళ్లినవాణ్ని, మాస్కు ఒక్కటే మార్పించి వచ్చాను. మూడో వారానికి వాడకం ఆరు గంటలు దాటింది, ఏహెచ్‌ఐ 3కి దిగింది. నేను డాక్టర్ని కాను. నాన్న మెషీన్‌ని మూడేళ్లుగా చూసుకుంటూ, ఆయన డాక్టర్ని విసిగించి అడుగుతూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. స్లీప్ అప్నియా (నిద్రలో శ్వాస ఆగిపోతుండే జబ్బు) ఉందని పరీక్షలో తేలి, మెషీన్ కొనబోతున్నవాళ్లకూ, కొన్నాక "నావల్ల కాదు" అని బీరువాలో పెట్టేసినవాళ్లకూ పనికొస్తుందని నా నమ్మకం.

దేన్నిబట్టి ఎంచుకోవాలి

షాపులో ముందు చెప్పేది మెషీన్ ఎంత నిశ్శబ్దంగా నడుస్తుంది, యాప్ ఎంత బాగుంటుంది అని. మీరు చూడాల్సింది మాత్రం మూడు అంకెలు: ఎన్ని గంటలు పెట్టుకున్నారు, గాలి ఎంత లీకవుతోంది, ఏహెచ్‌ఐ ఎంత. చూడాల్సిన వరస కూడా అదే.

ఏహెచ్‌ఐ అంటే నిద్రలో గంటకు సగటున ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా బాగా తగ్గిందన్న లెక్క. కనీసం 10 సెకన్లు ఆగితేనే ఒకటిగా లెక్కేస్తారు. 5 లోపుంటే మామూలు, 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మెషీన్ పెట్టుకున్నాక ఇది 5 లోపుకి రావాలి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. మెషీన్ చూపించే ఏహెచ్‌ఐ, మాస్కు మొహాన ఉన్నంతసేపటిదే. పరీక్షలో మీకు 40 వచ్చిందనుకోండి. ఏడు గంటల నిద్రలో రెండు గంటలు మాస్కు పెట్టుకున్నారు, తెర మీద 2 అని వచ్చింది. మిగతా ఐదు గంటలూ 40 చొప్పునే నడిచింది కదా. మొత్తం కలిపితే ఆ రాత్రి మీ అసలు సగటు 29. పైగా కలలొచ్చే నిద్ర తెల్లవారుజాము వైపే ఎక్కువ, చాలామందికి శ్వాస ఎక్కువగా ఆగేదీ అప్పుడే. మూడింటికి మాస్కు తీసేశారంటే, సరిగ్గా అవసరమైన వేళకే తీసేసినట్టు. అందుకే గంటలు ముందు, ఏహెచ్‌ఐ తర్వాత అంటున్నాను.

నాలుగు గంటలు పెట్టుకుంటే చాలట అని కొందరు అంటుంటారు. ఆ అంకె అమెరికాలో ప్రభుత్వ వైద్య బీమా అయిన మెడికేర్ పెట్టుకున్న నిబంధన నుంచి పాకింది. మొదటి మూడు నెలల్లో ఏదో ఒక వరస 30 రోజుల్లో, 70 శాతం రాత్రులు నాలుగు గంటలైనా వాడితేనే వాళ్లు డబ్బు కడుతూ పోతారు. అది ఖర్చు లెక్క. నిద్రపోయినంతసేపూ ఉండాలన్నదే మీ గురి కావాలి.

లీకు విషయానికొస్తే, రెస్మెడ్ కంపెనీ మెషీన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. కొన్ని కంపెనీలు మాస్కు రంధ్రాల్లోంచి కావాలని వదిలే గాలిని కూడా కలిపి చూపిస్తాయి. కాబట్టి మీ మెషీన్ అంకెని పక్కింటాయన మెషీన్ అంకెతో పోల్చుకోకండి.

అంకెలు కాక ఇంకొకటి, పగటి కునుకు. ఎప్‌వర్త్ ప్రశ్నావళి అని ఎనిమిది ప్రశ్నలుంటాయి: టీవీ చూస్తూ కునుకు పడుతుందా, భోజనమయ్యాక కూర్చుంటే పడుతుందా, ఇలాంటివి. మొత్తం 24కి 10 దాటితే పగటి మగత ఎక్కువ ఉన్నట్టు. మెషీన్ మొదలుపెట్టేముందు ఒకసారి, నెల తర్వాత ఒకసారి రాసి పెట్టుకోండి.

మాస్కు: అసలు ఎంపిక ఇదే

ఈ చికిత్సని 1981లో ప్రపంచానికి చెప్పింది సిడ్నీకి చెందిన కోలిన్ సలివన్. ఐదుగురు రోగులకు ముక్కులోంచి గాలి ఒత్తిడి పంపి, గొంతు మూసుకుపోకుండా నిలబెట్టి చూపించారు. ముక్కులోంచి అన్న మాట గుర్తుంచుకోండి. ముక్కులోంచి వచ్చిన గాలి మెత్తటి అంగిలినీ నాలుకనూ ముందుకు నెట్టి దారి తెరుస్తుంది. అదే గాలి నోట్లోంచి కూడా వెళ్తే, కొందరిలో వాటిని వెనక్కి నెట్టే ప్రమాదం ఉంది.

| | నాసల్ పిల్లోలు | ముక్కు మాస్కు | ఫుల్‌ఫేస్ మాస్కు |
|---|---|---|---|
| ఎక్కడ ఆనుతుంది | ముక్కు రంధ్రాల్లో | ముక్కు చుట్టూ, లేదా ముక్కు కింద | ముక్కు, నోరు రెండింటి చుట్టూ |
| లీకయ్యే అవకాశం | తక్కువ, పక్కకి తిరిగితే జారవచ్చు | మధ్యస్థం | ఎక్కువ |
| నోరు తెరిస్తే | గాలి నోట్లోంచి పోతుంది | గాలి నోట్లోంచి పోతుంది | ఫరవాలేదు |
| ఎక్కువ ప్రెషర్‌కి | రంధ్రాల అంచులు మండుతాయి | బాగా తట్టుకుంటుంది | తట్టుకుంటుంది, లీకు చూసుకోవాలి |
| గుబురు మీసం, గడ్డం | మీసం ఉన్నా సరిపోతుంది | మీసం అడ్డొస్తుంది | గడ్డం అడ్డొస్తుంది |
| కళ్లజోడుతో చదువుకోవడం | సులువు | ముక్కు కింద ఆనే రకమైతే సులువు | చాలావాటితో కష్టం |
| పక్కకి పడుకునేవాళ్లకు | మంచిది | మంచిది | తలగడ నెట్టేస్తుంది |

నా అభిప్రాయం దాచుకోను: ముక్కు బాగా ఆడేవాళ్లంతా ముక్కు మాస్కుతోనే మొదలుపెట్టాలి. మనకి మాత్రం చాలాచోట్ల అడక్కుండానే ఫుల్‌ఫేస్ చేతికిస్తారు. "గురక పెట్టేవాళ్లు నోరు తెరుస్తారు కదండీ" అన్నది వాళ్ల వాదన. నాన్నకీ అదే చెప్పారు. కానీ చాలామంది నిద్రలో నోరు తెరిచేది గొంతు మూసుకుపోయి గాలి చాలక. గాలి దారి తెరుచుకున్నాక ఎంతోమందికి నోరు దానంతటదే మూసుకుంటుంది. పైగా ఫుల్‌ఫేస్ వాడేవాళ్లకు సగటున ఎక్కువ ప్రెషర్ కావాల్సి వస్తుందనీ, ఏహెచ్‌ఐ కాస్త ఎక్కువ మిగులుతుందనీ, వాడకం గంటలు తగ్గుతాయనీ అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు తేల్చారు. ముక్కు ఎముక బాగా వంకరున్నవాళ్లకూ, ఏడాది పొడవునా ముక్కు దిబ్బడతో ఉండేవాళ్లకూ ఫుల్‌ఫేస్ వరమే, కాదనను. మిగతావాళ్లకు అది ఆఖరి మెట్టు కావాలి.

మాస్కు మార్పించకముందు, కాకినాడ వెళ్లిన రాత్రి నాన్న పక్కన చాప వేసుకుని పడుకున్నాను. ఆయనకి నిద్ర పట్టాక, వేలి వెనకభాగం తడిచేసి మాస్కు అంచు చుట్టూ మెల్లగా తిప్పాను. చెంపల దగ్గర ఏమీ లేదు. ముక్కు పైన, కళ్ల మూలల దగ్గరికి వచ్చేసరికి చల్లగా తగిలింది. ఆయన ఎడమ కంటి రెప్పవెంట్రుకలు ఆ గాలికి అదురుతున్నాయి. వారం నుంచీ పొద్దున్నే కళ్లు ఎర్రగా ఉంటున్నాయని కళ్ల డాక్టరు చుక్కల మందు రాసిచ్చారు, అవీ వేస్తున్నాం. అసలు కారణం మాత్రం మాస్కే.

లీకుందని పట్టీలు బిగించడం అందరూ చేసే పని. మేమూ చేశాం. ముక్కు పైన పుండు పడింది, లీకు ఇంకా పెరిగింది. సిలికాన్ కుషన్‌కి సాధారణంగా రెండు పొరలుంటాయి. లోపలి గాలికి పలచటి పొర కాస్త ఉబ్బి మొహానికి అతుక్కోవాలి. బిగించేస్తే ఆ పొర నలిగి మడతపడుతుంది. సరైన పద్ధతి ఇది: మంచం మీద, మీరు నిద్రపోయే భంగిమలోనే పడుకోండి. మెషీన్ ఆన్ చేసి గాలి వచ్చాక, మాస్కుని మొహం నుంచి అంగుళం దూరం లాగి మెల్లగా వదలండి. తర్వాత పట్టీలు రెండు వైపులా సమంగా, లీకు ఆగేంతవరకే బిగించండి. కూర్చుని అద్దంలో చూసి బిగిస్తే, పడుకున్నాక చెంపలు జారి మళ్లీ లీకవుతుంది. కట్టుడు పళ్లు తీసి పడుకునేవాళ్లు తీసే బిగించుకోవాలి, పళ్లు లేకపోతే దవడ ఆకారమే మారిపోతుంది.

ఇక పెట్టెలోని పుస్తకాల్లో రాయని, మన ఇళ్లకే చెందిన సంగతులు కొన్ని ఉన్నాయి. తలకి కొబ్బరినూనె రాసుకుని పడుకుంటే పట్టీలు జారిపోతాయి, నుదుటి మీదికి దిగిన నూనెకి కుషన్ నిలవదు, సిలికాన్ కూడా తొందరగా పాడవుతుంది. నూనె పొద్దున రాసుకోండి, రాత్రి మొహం కడుక్కుని ఆరాక మాస్కు పెట్టుకోండి. తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చిన రాత్రి నాన్న మాస్కు మొత్తం వదులైపోయింది. జుట్టు పోయినంత మేర పట్టీలు తగ్గించుకుని, జుట్టు పెరిగేకొద్దీ సడలించుకోవాలి. ముక్కుపుడక ఉన్న ఆడవాళ్లకు ముక్కు చుట్టూ ఆనే కుషన్ కింద పుడక గుచ్చుకుంటుంది, అక్కడే గాలి పోతుంది. మా పిన్నికి ముక్కు కింద ఆనే రకం ఇప్పించాక పుడక తీయాల్సిన పనే లేకపోయింది.

ఒక హెచ్చరిక. కొన్ని మాస్కుల పట్టీలకి అయస్కాంతపు క్లిప్పులుంటాయి. పేస్‌మేకర్, డీఫిబ్రిలేటర్, మెదడులో లోహపు క్లిప్పు లాంటివి ఒంట్లో ఉన్నవాళ్లు ఇవి వాడకూడదని తయారీదార్లే చెప్పారు: ఫిలిప్స్ 2022లో, రెస్మెడ్ 2023లో. మీకు లేకపోయినా, పక్కన పడుకునేవాళ్లకు ఉన్నా అంతే. అయస్కాంతం లేని క్లిప్పులున్న మాస్కు అడిగి తీసుకోండి.

ముక్కు మాస్కు పెడితే నోరు తెరుచుకుంటోంది, అప్పుడో?

పొద్దున లేచేసరికి నోరు ఎండి నాలుక పిడచకట్టుకుపోతే, గాలి నోట్లోంచి పోతున్నట్టే. వెంటనే ఫుల్‌ఫేస్‌కి పరుగెత్తకండి. ముందు ముక్కు సంగతి చూడండి: పడుకునే ముందు ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం (మరిగించి చల్లార్చిన నీళ్లే వాడాలి, కుళాయి నీళ్లు వద్దు), ఎలర్జీ ఉంటే డాక్టరు రాసిన స్ప్రే. తర్వాత హ్యూమిడిఫయర్ (గాలికి తేమ కలిపే నీళ్ల ట్యాంకు) ఒక మెట్టు పెంచి చూడండి. ఆ తర్వాత గడ్డం కింద పట్టీ. అది కొందరికి పనిచేస్తుంది, కొందరికి దవడని వెనక్కి లాగి ఇబ్బంది పెడుతుంది. నోటికి టేపు వేసుకోవడం ఈ మధ్య బాగా పాకింది. ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లకూ, వాంతులొచ్చే అవకాశం ఉన్నవాళ్లకూ అది ప్రమాదం. నేనైతే నాన్నకి వేయలేదు. రెండు మూడు వారాలు ఇవన్నీ చూశాక కూడా నోరు ఎండుతూనే ఉంటే, అప్పుడు ఫుల్‌ఫేస్.

మెషీన్: ఫిక్స్‌డా, ఆటోనా, బైప్యాపా?

ఫిక్స్‌డ్ సీప్యాప్ రాత్రంతా ఒకే ప్రెషర్ ఇస్తుంది. ఆటో మీ శ్వాసని గమనిస్తూ పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. బైప్యాప్ పీల్చేటప్పుడు ఒకటి, వదిలేటప్పుడు అంతకంటే తక్కువ ఇస్తుంది. ల్యాబులో టైట్రేషన్ (రాత్రంతా నిద్రలో ప్రెషర్ మారుస్తూ చూసే పరీక్ష) చేయించి సరైన ప్రెషర్ తేల్చుకున్నవాళ్లకు ఫిక్స్‌డ్ చాలు, ఖర్చూ తక్కువ. సగటున చూస్తే ఆటోకీ దీనికీ ఫలితాల్లో పెద్ద తేడా లేదు. వెల్లకిలా ఒకలా, పక్కకి ఒకలా గురక మారేవాళ్లు, బరువు తగ్గుతున్నవాళ్లు ఆటో తీసుకుంటే మళ్లీ మళ్లీ ప్రెషర్ మార్పించుకునే పని తప్పుతుంది.

ఆటో కొన్నవాళ్లు ఒకటి తప్పకుండా చూసుకోండి. పెట్టెలోంచి తీసినప్పుడు దాని ప్రెషర్ హద్దు చాలావరకు 4 నుంచి 20 దాకా (సెంటీమీటర్ల నీటి ఒత్తిడిలో) అని ఉంటుంది. అలాగే వదిలేస్తే, 4 దగ్గర మొదలైన గాలి చాలక ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది, శ్వాస ఆగాకే మెషీన్ మెల్లగా ఎక్కుతుంది. నాన్నకి రాత్రుల్లో ఎక్కువసేపు 9 దగ్గర ఉంటోందని రిపోర్టులో చూసి, డాక్టరు కనిష్ఠం 7, గరిష్ఠం 12 పెట్టారు. ఆ మర్నాటి నుంచే "గాలి ఆడట్లేదు" అన్న మాట పోయింది. ఈ హద్దులు మీ అంతట మీరు మార్చకండి. కానీ "మా హద్దులు ఎంత పెట్టారు?" అని అడిగే హక్కు మీకుంది, అడగండి.

గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, సీవోపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, ఊబకాయంతో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయేవాళ్లు ఆటో కొనుక్కుని ఇంట్లో మొదలుపెట్టకూడదు. వాళ్లకు ల్యాబులో పరీక్ష చేసి నిర్ణయించాలి, తరచూ బైప్యాప్ అవసరం పడుతుంది.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకు: ఫిలిప్స్ 2021 జూన్‌లో డ్రీమ్‌స్టేషన్ మొదటి తరం సహా చాలా మోడళ్లను వెనక్కి పిలిచింది. లోపల శబ్దం తగ్గించే నురుగు చెడిపోయి, రేణువులు గాలి దారిలోకి రావచ్చన్నది కారణం. అలాంటి మెషీన్ ఎవరైనా అమ్మజూపితే సీరియల్ నంబరు సరిచూసుకోకుండా తీసుకోవద్దు. మొదటి నెల అద్దెకి దొరికితే అదే నయం, ఆ మిగిలే డబ్బు మంచి మాస్కు మీద పెట్టండి.

చిన్న సెట్టింగులు

ర్యాంప్ పెడితే ప్రెషర్ తక్కువలో మొదలై నెమ్మదిగా పెరుగుతుంది. భయపడేవాళ్లకు మొదటి వారాల్లో మంచిది. కానీ 45 నిమిషాలు పెట్టుకుని పది నిమిషాల్లో నిద్రపోతే, మిగతా సేపంతా చాలీచాలని గాలితోనే గడుస్తుంది. నిద్ర పట్టాకే పెంచే ఆటో ర్యాంప్ ఉంటే అది ఎంచుకోండి. ఈపీఆర్ లాంటివి ఊపిరి వదిలేటప్పుడు 1 నుంచి 3 దాకా ప్రెషర్ తగ్గిస్తాయి. వదలడం కష్టంగా ఉండేవాళ్లకు హాయి. పెట్టాక ఏహెచ్‌ఐ పెరిగిందేమో వారం పాటు చూసుకోవాలి. కడుపులోకి గాలి పోయి పొద్దున ఉబ్బరంగా ఉండేవాళ్లకూ ఇది కొంత సాయపడుతుంది.

హ్యూమిడిఫయర్‌కి అందరికీ ఒకే అంకె లేదు. కాకినాడలో ఫ్యాను కింద పడుకునే నాన్నకి 2 చాలు. చలికాలం హైదరాబాద్‌లో మా ఇంటికొస్తే 5 పెట్టాలి. ఏసీ గదిలో గొట్టం చల్లబడి లోపల నీళ్లు చేరి గుడగుడమంటే, మెషీన్‌ని మంచం కంటే కింద పెట్టండి, గొట్టానికి గుడ్డ తొడుగు వేయండి, కుదిరితే వేడి గొట్టం తీసుకోండి. ట్యాంకులో డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి. ఆర్‌వో నీళ్లు అది కాదు, కారు బ్యాటరీలో పోసే నీళ్లు పీల్చడానికి చేసినవి కాదు. నీలగిరి తైలం లాంటివి చుక్క కూడా వెయ్యకండి. పొద్దున్నే మిగిలిన నీళ్లు పారబోసి, కుషన్‌ని మెత్తటి సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టడం ఐదు నిమిషాల పని. పలచటి కాగితం ఫిల్టర్‌ని నెల దాటనివ్వకండి. రోడ్డు పక్క ఇళ్లలో అది రెండు వారాలకే నల్లబడుతుంది.

కరెంటు పోయే ఊళ్లలో సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఉంటే మెషీన్ నిక్షేపంగా నడుస్తుంది. కోత ఎక్కువుంటే వేడిచేసేవి, అంటే హ్యూమిడిఫయర్, వేడి గొట్టం, ఆపేస్తే బ్యాటరీ చాలా ఎక్కువసేపు వస్తుంది.

ఎవరికి ఏది

కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లు, ముక్కు బాగానే ఆడుతుంటే: ముక్కు మాస్కు, టైట్రేషన్ అయితే ఫిక్స్‌డ్, కాకపోతే డాక్టరు హద్దులు పెట్టిన ఆటో.

మాస్కు చూస్తేనే ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు: నాసల్ పిల్లోలు. పగలు టీవీ చూస్తూ ఇరవై నిమిషాలు, పడుకోకుండా, వారం రోజులు పెట్టుకోండి. రాత్రి సంగతి ఆ తర్వాత.

గుబురు గడ్డం ఉన్నవాళ్లు: ఫుల్‌ఫేస్ కొనేముందు వందసార్లు ఆలోచించండి. పిల్లోలు గానీ ముక్కు కింద ఆనే రకం గానీ మేలు.

గంటలు బాగున్నా, లీకు తక్కువున్నా పగలు ఇంకా కునుకుతున్నవాళ్లు మెషీన్ మీద ఇంకో రూపాయి పెట్టకండి. ఆరేడు గంటల నిద్ర అసలుందా, థైరాయిడ్ సంగతేంటి, రాత్రి వేసుకునే మందులేంటి అని డాక్టరుతో కూర్చోండి.

ఎప్పుడూ ప్రయాణాల్లో ఉండేవాళ్లకు రెస్మెడ్ ఎయిర్‌మినీ లాంటి 300 గ్రాముల మెషీన్లున్నాయి, కానీ దానికి కొన్ని మాస్కులే సరిపోతాయి. ఏడాదికి రెండుసార్లు అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు ఇంట్లో మెషీనే చాలు. నీళ్లు పారబోసి, ప్రిస్క్రిప్షన్‌తో పాటు చేతిసంచిలో పెట్టండి, చెక్-ఇన్ సామానులో వెయ్యకండి.

ఇవి కనిపిస్తే ఆగకుండా డాక్టరు దగ్గరికి

లీకు తక్కువున్నా ఏహెచ్‌ఐ 5 పైనే నిలిచిపోతే, విడివిడి లెక్క చూడండి. గొంతు మూసుకుని ఆగినవి వేరే, దారి తెరిచే ఉన్నా శ్వాస రాకుండా ఆగినవి వేరే. రెండో రకాన్ని సెంట్రల్ అంటారు. ప్రెషర్ పెంచితే అవి తగ్గవు, పెరగనూ వచ్చు. కొందరికి మెషీన్ మొదలుపెట్టిన కొత్తలో వచ్చి వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, కొందరికి తగ్గవు. ఇలాంటివాళ్లకు ఏఎస్‌వీ అనే మెషీన్ ఒకటుంది. గుండె పంపింగ్ 45 శాతం లేదా అంతకంటే తక్కువుండి, ప్రధానంగా సెంట్రల్ అప్నియా ఉన్నవాళ్లలో అది మరణాలను పెంచిందని 2015లో సర్వ్-హెచ్‌ఎఫ్ అనే అధ్యయనంలో తేలింది. అందుకే గుండె జబ్బున్నవాళ్లు ఎకో (గుండె స్కాన్) తీయించుకోకుండా ఎవరి మాటా విని ఆ మెషీన్ కొనకూడదు.

వెళ్లేటప్పుడు మెషీన్, అడాప్టర్, మీరు రోజూ వాడే మాస్కు, మూడూ సంచిలో పెట్టుకోండి. మెమరీ కార్డు దాని గూట్లో ఉందో లేదో చూసుకోండి. తెర మీద కనిపించేది ఏ రాత్రికి ఎంత అన్న మొత్తమే. ఏ క్షణాన లీకైంది, ఏ క్షణాన శ్వాస ఆగిందన్న వివరమంతా ఆ కార్డులోనే ఉంటుంది.